తుఫాను బంగారం

దుప్పి కిందికి రాదట.
మరలూ గోడా తుప్పులో కలిసి ఒక్కటైపోయాయి,
లాగితే గోడ కూడా వస్తుందన్నాడు మేస్త్రీ.
సరే, నేనే ఎక్కాను,
అరవై మూడేళ్ల మోకాళ్లను తిట్టుకుంటూ
ఇన్ నది గాలికి ఎదురుగా, రెండో అంతస్తు ఎత్తుకి.

మూడు వందల ఏళ్లు ఇది సత్రం.
బంగారు దుప్పి అంటే బీరూ, పడకా, గుర్రానికి గడ్డీ.
ఇప్పుడు కింద షెర్వాన్ దుకాణం:
తాళంచెవులు కోయబడును, బూట్లు కుట్టబడును.
దుప్పిని కదపడానికి వీల్లేదని మా టిరోల్ పట్టణం రూలు.
"దుప్పి మాంసం ఉందా అని అడుగుతారు, నోట్‌బుర్గా.
నా తాళాలు ఎవరికీ కనబడవు.
బిల్లు మాత్రం నాకే."
నాలుగు వాయిదాలన్నాడు. తలూపాను.

మొదటి రోజంతా గీకుడే.
నాది బంగారం పనని జనం అనుకుంటారు.
తుప్పు పని.
గోళ్లలో తుప్పు, కళ్లలో తుప్పు,
రాత్రి సూపు తాగితే చెంచాలో తుప్పు.
ఎప్పుడో ఎవడో పిసినారి అంటించిన కాకి బంగారం
నల్లబడి, పచ్చబడి, పొట్టులా రాలింది.
దాని కింద ఇనుము
అప్పుడే గుండు గీసిన తలలా.

కుడి కొమ్ముకు మూడో మొన లేదు.
షెర్వాన్ నిచ్చెన పట్టుకుని కిందినుంచి చాలాసేపు చూశాడు.
మర్నాడు పొద్దున్నే తెచ్చాడు:
పళ్లు కోయని తాళంచెవులు రెండు, ఇత్తడివి,
వంచి, అతికి, ఆకురాయితో రుద్దిన
చిటికెనవేలంత కొమ్ము.
"ఏ తలుపుకీ సరిపోనివి," అన్నాడు, "పడున్నాయి."
ఇత్తడికీ ఇనుముకీ వానలో పడదు,
తడిస్తే ఒకదాన్నొకటి కొరుక్కుతింటాయి.
ఇరుగుపొరుగు మధ్య పిట్టగోడలా
రెండు పూతల ఎర్రరంగు నడుమ పెట్టి
బిగించాను.

పైన పసుపు రంగు. అది ఆరాక అంటునూనె.
సాయంత్రం పూసి తెల్లారేదాకా ఊరుకోవాలి.
తొందరపడితే రేకు మునుగుతుంది,
బద్ధకిస్తే అంటదు.
మెటిక ఆనించి లాగితే
ఎలుకపిల్ల కీచుమన్నట్టు వినపడాలి.
అదీ ముహూర్తం.

మా భాషలో దీని పేరు తుఫాను బంగారం.
పల్చటి కాగితానికి అద్ది ఉంటుంది
గాలి ఎత్తుకుపోకుండా.
విడి రేకయితే ఊపిరి కూడా అప్పడిగి తీసుకోవాలి.
దీంతో తుమ్మొచ్చు, తిట్టొచ్చు,
నిచ్చెన పట్టుకున్నవాడితో వాయిదాల సంగతి మాట్లాడొచ్చు.
కాగితం ఆనించి, బొటనవేలితో నిమిరి, ఒలిస్తే
మూపు మీద అరచేయంత వెలుగు.
ఇంకో కాగితం.
మెడ. చెవి లోపలి గుంట.
పొట్ట కింద, గోడవైపు కూడా,
అక్కడ కాకులు చూస్తాయి.
ఇత్తడి మొన మీద రెండు రేకులు వేశాను, ఎందుకో.

పదిన్నరకి గాలి అడ్డం తిరిగింది.
పేరుకే తుఫాను బంగారం: ఒక రేకు కాగితాన్ని వదిలేసి
నలిగి, విచ్చుకుని, ఏ పనీ లేనిదానిలా దిగి
షెర్వాన్ ఎడమ కనుబొమ్మ మీద వాలింది.
రెండు చేతులూ నిచ్చెన మీద; తుడుచుకోలేడు.
రోడ్డు దాటబోతున్న ఫ్రావ్ ఆష్‌బెర్గర్ ఆగింది.
అతని ముఖం చూసింది. పైన దుప్పిని చూసింది.
తర్వాత, పదకొండేళ్లలో మొదటిసారి,
కిటికీలో వేలాడే తాళాలను చూసింది.

"వార్నిష్ వెయ్యవా?" సాయంత్రం అడిగాడు.
వెయ్యను.
అసలు బంగారాన్ని వాన ఏమీ చెయ్యదు.
కాపాడటానికి పైన పూసిందే ముందు చస్తుంది,
పగిలి, పొలుసులు లేచి, దీన్ని కూడా పట్టుకు లాగుతుంది.
"ఎన్నాళ్లుంటుంది మరి?"
ఇరవై ఏళ్లు, నేను సరిగ్గా గీకి ఉంటే.

మొదటి వాయిదా చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చాడు.
దాని మీద మా షెడ్డు తాళానికి మారుచెవి, కొత్తగా కోసింది,
ఇంకా వెచ్చగా ఉంది.
డబ్బు వద్దన్నాడు.
కనుబొమ్మ సంగతి నేనూ చెప్పలేదు.